కుక్క తోక ఎందుకు వంకర?

(కర్నూలులో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తడబడ్డచోట్లు తప్ప మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే ఉంచాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడుతున్నట్టున్నారు. అడుగుతాను. వెనక కూర్చున్నా అడుగుతాను.

ఒక సామెతతో మొదలుపెడదాం. కుక్క తోక వంకర. ఎవడైనా ఎంత చెప్పినా మారకపోతే ఈ మాట అంటాం కదా? నేనూ అన్నాను. ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను, వేల కుక్కల్ని చూశాను, వేల తోకల్ని చూశాను. ఒక్క రోజు కూడా ఆగి, అసలు ఇది ఎందుకు వంకర అని అడుక్కోలేదు. రిటైరయ్యాక తీరిక దొరికింది, అప్పుడు అడిగాను.

ఎందుకు అడగాలంటే, కుక్క చుట్టాలెవరికీ తోక వంకర లేదు. తోడేలు తోక చూడండి, కిందికి వేలాడుతూ ఉంటుంది. నక్క తోకా అంతే. గుంటనక్కదీ అంతే. నల్లమలలో రేచుకుక్కలు ఉంటాయి, వాటికీ అంతే. ఇంతమంది చుట్టాల్లో మన వీధికుక్క ఒక్కదానికే తోక పైకి లేచి చుట్ట చుట్టుకుంటుంది. మారని బుద్ధికి గుర్తుగా మనం ఏ తోకను చెబుతున్నామో, ఆ తోకే మారిపోయిన తోక. సామెత తిరగబడిందా లేదా?

సరే, ఎలా మారింది? దీనికి ఒక రష్యా కథ చెప్పాలి. 1959 లో సైబీరియాలోని నోవోసిబిర్స్క్ దగ్గర ద్మిత్రీ బెల్యాయేవ్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక పని మొదలుపెట్టాడు. లుద్మీలా త్రూత్ అనే ఆవిడ దాన్ని తర్వాత దశాబ్దాల పాటు నడిపింది. వాళ్లు తీసుకున్నది బొచ్చు కోసం పెంచే వెండిరంగు గుంటనక్కల్ని. బోనులోకి చెయ్యి పెట్టినప్పుడు ఏది కరవకుండా, బెదరకుండా ఉంటుందో దాన్ని మాత్రమే తర్వాతి తరానికి తల్లినీ తండ్రినీ చేశారు. గుర్తుపెట్టుకోండి, చూసింది ఒక్క గుణమే. సాధుస్వభావం. రంగు చూడలేదు, చెవులు చూడలేదు, తోక చూడలేదు. పదీ పదిహేను తరాలు తిరిగేసరికి కొన్ని పిల్లలు మనిషిని చూసి తోక ఊపాయి. కొన్నిటికి చెవులు వాలాయి, ఒంటిమీద తెల్లమచ్చలు వచ్చాయి. కొన్నిటికి తోక పైకి చుట్టుకుంది!

ఇక్కడ నేను కొంచెం ఆగాలి. ఈ కథను ఇంటర్నెట్‌లో చాలా తీపిగా చెబుతారు. ఆ గుంటనక్కలు అడవి నుంచి పట్టుకొచ్చినవి కావు. వాటి పూర్వీకులు కెనడాలో బొచ్చు ఫారాల్లో అప్పటికే ఎన్నో తరాలుగా పెరిగినవి. మచ్చల్లాంటివి అక్కడే మొదలయ్యాయని 2019 లో కొందరు ఎత్తిచూపారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. స్వభావం కోసం ఏరితే స్వభావం మారింది, అంతవరకు ఎవరికీ తగాదా లేదు. దాని వెంట తోక ఎందుకొచ్చింది అన్నదాని మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది. కాబట్టి ఈ ప్రసంగం పేరు చూసి జవాబు కోసం వచ్చినవాళ్లు నన్ను క్షమించాలి. మనిషితో కలిసి బతకడం మొదలుపెట్టాక వచ్చిన వంకర అది. అంతమాత్రం చెప్పగలను.

ఇప్పుడు కుక్క దగ్గరికి వద్దాం. కుక్కకూ తోడేలుకూ క్రోమోజోములు ఎన్ని? ఎవరైనా జువాలజీ పిల్లలు? చెప్పమ్మా... 78, కరెక్ట్. రెండిటికీ 78. గాడిదకూ గుర్రానికీ పుట్టిన కంచరగాడిద సాధారణంగా ఈనదు. కానీ కుక్కకూ తోడేలుకూ పుట్టిన పిల్ల శుభ్రంగా ఈనుతుంది, దాని పిల్లలూ ఈనుతాయి. అంటే గోడ కట్టుకునేంత దూరం వాళ్ల మధ్య ఇంకా రాలేదన్నమాట. ఈ సంగతి ఇక్కడ పెట్టుకోండి, కాసేపాగి దీనితో చాలా పని ఉంది.

తోడేలు కుక్క ఎప్పుడైంది? జర్మనీలో బాన్ పక్కన ఓబర్‌కాసెల్ అనే చోట 1914 లో రాళ్లు తవ్వుతుంటే ఒక సమాధి బయటపడింది. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, వాళ్లతో పాటు ఒక కుక్క. వయసు సుమారు 14 వేల ఏళ్లు. ఆ కుక్క పళ్లను తర్వాత ఒక పశువైద్యుడు పరీక్షగా చూశాడు. పిల్లగా ఉన్నప్పుడే దానికి డిస్టెంపర్ వచ్చిందని ఆ పళ్ల మీది గాట్లను బట్టి చెప్పాడు. డిస్టెంపర్ వచ్చిన కుక్కపిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముక్కూ కళ్లూ కారతాయి, తిండి మానేస్తుంది, ఫిట్స్ వస్తాయి. నా టేబుల్ మీదే ఎన్నో పోయాయి. ఆ పిల్ల కొన్ని వారాలు దానితో బతికిందంటే ఎవరో నీళ్లు పట్టారు, వెచ్చగా ఉంచారు. వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా చూసుకున్నారు. 14 వేల ఏళ్ల కిందటి మాట! అప్పటికి గొర్రె లేదు, మేక లేదు, ఆవు లేదు, వ్యవసాయమే లేదు. మనిషి మచ్చిక చేసుకున్న మొదటి జంతువు కుక్క.

ఎక్కడ అయింది అంటే ఇంకా తేలలేదు. 2022 లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థవాళ్లు, ఇంకా చాలా దేశాలవాళ్లు కలిసి 72 పురాతన తోడేళ్ల జన్యువులు చదివారు. యూరప్, సైబీరియా, ఉత్తర అమెరికా, గడిచిన లక్ష ఏళ్ల ఎముకలు. కుక్కలు మొత్తం మీద తూర్పు వైపు, అంటే సైబీరియా వైపు పాత తోడేళ్లకు దగ్గరగా ఉన్నాయి. కొన్ని కుక్కల్లో పడమటి వైపు తోడేళ్ల వాటా కూడా కనబడింది. అసలు తల్లి మంద మాత్రం ఆ 72 లో దొరకలేదు. దాని వారసులెవరూ ఇప్పుడు బతికి లేకపోవచ్చు కూడా.

ఇక మనిషి పంచన చేరాక ఏం మారింది? మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. మా ఊళ్లో కుక్కలు దేనిమీద బతుకుతాయి? సంగటి ముద్ద మీద. రాగిసంగటి, మిగిలిన అన్నం, గంజి. తోడేలుకు సంగటి పెట్టి చూడండి, దాని ఒంటికి పట్టదు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్ ఒకటుంది, అమైలేజ్. దాని జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటాయి. కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013 లో స్వీడన్ పరిశోధకులు లెక్కపెట్టారు. మనిషి పంట పండించడం నేర్చుకున్నాడు, కుక్క ఆ పంట అరిగించుకోవడం నేర్చుకుంది. వేల ఏళ్లుగా మనం పారేసిన ముద్ద దాని జన్యువులో లెక్క రాసుకుంటూ వచ్చింది.

ఇంకొకటి, కళ్ల పైన కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తే చిన్న కండరం కుక్కకు ఉంది. తోడేలుకు అది లేదనే చెప్పాలి, ఉన్నా సన్నని పోగులే. మీరు భోంచేస్తుంటే ఎదురుగా కూర్చుని జాలిగా చూస్తుందే, ఆ చూపు ఆ కండరం పనే. దానికి పడి మనం సగం చపాతీ ఇచ్చేస్తాం.

ఇంతవరకు కుక్క కథ. అసలు నేను ఈ రోజు మాట్లాడదామనుకున్నది దాని గురించి కాదు. మన తోడేలు గురించి. మీలో ఎంతమంది తోడేలును చూశారు, చెయ్యెత్తండి... ఇద్దరు. బాబూ, నువ్వు ఎక్కడ చూశావు? పత్తికొండ దారిలోనా? నీది జీవాలు కాసే ఇల్లేనా? అనుకున్నాను. చెయ్యి ఎత్తినవాళ్లు ఎప్పుడూ ఆ ఇళ్ల పిల్లలే.

మిగతావాళ్లను తప్పుపట్టను. మన భాషే తోడేలును పక్కకు నెట్టేసింది. చూడండి, గొర్రెలు కాసే పిల్లాడు ఆకతాయిగా అరిచి ఊరిని మోసం చేసే కథ ప్రపంచమంతా ఉంది. ఇంగ్లీషులో వాడు ఏమని అరుస్తాడు? తోడేలు అని. మనవాడు? నాన్నా, పులి! ఇంగ్లీషువాడు గొర్రెతోలు కప్పుకున్న తోడేలు అంటాడు. మనం మేకవన్నె పులి అంటాం. గొర్రెను ఎత్తుకుపోయేది తోడేలు, పేరు మాత్రం పులికి. అంతెందుకు, భారతంలో భీముడికి వృకోదరుడని పేరు. వృకం అంటే తోడేలు, తోడేలు కడుపువాడు అని అర్థం. ఎంత తిన్నా నిండదని. ఆ పేరు పలికేవాళ్లలో తోడేలు గుర్తొచ్చేది ఎంతమందికి?

మన తోడేలుకు శాస్త్రంలో పేరు పెట్టింది 1831 లో, సైక్స్ అనే ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి. ఆయన వర్ణించింది దక్కన్ తోడేలునే. అంటే మన మెట్టభూముల జంతువును. పాలిపెస్ అన్నాడు, పాలిపోయిన కాళ్లది అని. సినిమాల్లో మంచులో నిలబడి కూసే తోడేలును ఊహించుకోకండి. మనది సన్నటిది, ఇరవై కిలోలు అటూఇటూ, ఎండుగడ్డి రంగు, పొట్టి బొచ్చు. ఎండకు తట్టుకునే ఒళ్లు. ఆల్ఫా అని రీల్స్‌లో వస్తుంటుంది కదా, మందకు నాయకుడు, కొట్లాడి గెలిచినవాడు అని? అది బోనుల్లో ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను కలిపి పెడితే కనబడిన తగాదా. అడవిలో మంద అంటే అమ్మ, నాన్న, పిల్లలు. ఆల్ఫా అంటే వాళ్ల నాన్న, అంతే. ఆ మాటను బాగా ప్రచారం చేసిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే తర్వాత అది తప్పని చెప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన వీధికుక్క మన తోడేలు నుంచి వచ్చిందా? చాలామంది అవుననే అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఈ ప్రశ్న మీద మన హైదరాబాదులో మంచి పని జరిగింది. తార్నాక దగ్గర సీసీఎంబీ అని కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ ఉంది కదా, అక్కడ రమేశ్ అగర్వాల్, లాల్జీ సింగ్ బృందం 2000 తర్వాతి ఏళ్లలో మన తోడేలు మైటోకాండ్రియా డీఎన్ఏ చదివింది. ఇది తల్లి నుంచి వచ్చే డీఎన్ఏ. కొడుక్కీ వస్తుంది, కూతురికీ వస్తుంది, కానీ ముందుకు ఇవ్వగలిగేది కూతురే. పుట్టింటి నగ లాంటిది. ఆ నగ చూస్తే మన మైదానం తోడేలూ, హిమాలయ తోడేలూ ప్రపంచంలోని మిగతా తోడేళ్లకు ఎంతో దూరంగా నిలబడ్డాయి. వీటిని వేరే జాతులుగానే చూడాలని వాళ్లు వాదించారు. ఇంచుమించు అదే సమయంలో 2004 లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఝాలా గారు, మరికొందరు చేసిన పని కూడా ఇదే దారిలో వెళ్లింది. మన తోడేలు శాఖ విడిపోయి సుమారు 4 లక్షల ఏళ్లయిందని లెక్క వేశారు. ఇలాంటి లెక్కలు అటూఇటూ జరుగుతుంటాయి, ఆ అంకెను బల్లగుద్ది చెప్పను. ఆ పుట్టింటి నగ మన కుక్కల్లో మాత్రం కనబడలేదు.

2021 లో లారెన్ హెనెలీ, బిలాల్ హబీబ్, ఇంకొందరు కలిసి ఈసారి మొత్తం జన్యువునే చదివారు. అప్పుడూ మన తోడేలు పాత శాఖగానే తేలింది. కాబట్టి వరసలు సరిచేసుకుందాం. మన తోడేలు కుక్కకు తాత కాదు. చిన్నతాత అవుతుంది. తాత పోయాడు, ఎముకలే మిగిలాయి. చిన్నతాత మాత్రం మన బీళ్లలో ఇంకా తిరుగుతున్నాడు.

ఎంతమంది ఉన్నారు? 2025 లో ఐయూసీఎన్, అంటే ఏ జంతువు ఎంత ముప్పులో ఉందో లెక్క చూసే అంతర్జాతీయ సంస్థ, మన తోడేలును మొదటిసారి విడిగా లెక్కలోకి తీసుకుంది. భారత్, పాకిస్తాన్ రెండూ కలిపి సుమారు 3 వేలు. ముప్పులో ఉన్న జంతువుల పట్టికలో చేర్చింది. పులులు ఎన్ని మన దేశంలో? 2022 లెక్క ప్రకారం సగటున 3,682. అంటే పులికంటే తోడేలు తక్కువ. పులికి టైగర్ రిజర్వులు ఉన్నాయి, బడ్జెట్ ఉంది, టీషర్టులు ఉన్నాయి. తోడేలు కూడా చట్టంలో పులి ఉన్న షెడ్యూల్ 1 లోనే ఉంది. అయినా తోడేలు టీషర్టు మీరెప్పుడైనా కొన్నారా?

ఇప్పుడు వీధికుక్కల లెక్క. 2019 పశుగణనలో 1 కోటి 53 లక్షలు. ఈ గణన మా డిపార్ట్‌మెంట్ వాళ్లే చేస్తారు. వీధికుక్కను లెక్కపెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఇంకా ఎక్కువే ఉంటాయి. ఉన్న లెక్కనే తీసుకుని భాగించండి. ఒక్క తోడేలుకు దాదాపు 5 వేల కుక్కలు.

ఐదు వేల మంది మనవలు, ఒక చిన్నతాత.

ఇందాక పక్కన పెట్టుకోమన్న సంగతి ఇప్పుడు తీయండి. వాళ్ల మధ్య గోడ లేదు. తోడేలు ఏడాదికి ఒక్కసారే ఎదకు వస్తుంది. కుక్క రెండుసార్లు వస్తుంది. తోడేళ్లు దండిగా ఉన్నచోట తోడేలు తోడేలునే వెతుక్కుంటుంది. జత దొరకనప్పుడు? పెద్దమనిషైన తోడేలుపిల్ల ఇల్లు వదిలి యాభై వంద కిలోమీటర్లు తిరిగినా తన జాతి కనబడకపోతే, ఊరి చివర చెత్తకుప్ప దగ్గర ఇరవై కుక్కలు కనబడితే? 2023 లో పూణే చుట్టుపక్కల పచ్చిక బయళ్లలో సరిగ్గా ఇదే బయటపడింది. అక్కడ తోడేళ్లను గమనిస్తుండేవాళ్లకు ఒంటి రంగు తేడాగా, పసుపుపచ్చగా ఉన్న జంతువులు కనబడ్డాయి. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో జన్యువు చదివితే అది కుక్కా తోడేలూ కలిసిన సంకరం అని తేలింది. మన దేశంలో జన్యుపరీక్షతో రుజువైన మొదటి కేసు అది.

సంకరమైతే నష్టమేంటి సార్, మనుషులు కులాంతరం చేసుకోవడం లేదా అని ఒక విద్యార్థి నన్ను ఒకసారి అడిగాడు. మంచి ప్రశ్న. మనుషుల్లో అది మంచిదే, చేసుకోండి. ఇక్కడ ఇబ్బంది అంకెల్లో ఉంది. ఐదు వేల చెంబుల నీళ్లలో ఒక చెంబు పాలు పోస్తే పాలు ఎక్కడున్నాయి? లక్షల ఏళ్లుగా ఈ ఎండకూ, ఈ కరువుకూ, ఈ రాళ్లకూ కుదిరిన శరీరం అది. ఒకసారి కలిసి పలచబడితే విడదీసి తీయలేం.

అయితే కుక్క నుంచి తోడేలుకు వచ్చినదల్లా చెడ్డదనీ అనను. అమెరికాలో నల్ల తోడేళ్లు ఉంటాయి, యెల్లోస్టోన్ పార్కులో చాలా ఉన్నాయి. ఆ నలుపు తోడేలు సొంతం కాదు. వేల ఏళ్ల కిందట అక్కడి తొలి మనుషుల వెంట వచ్చిన కుక్కల నుంచి సంక్రమించిన జన్యువు. ఆ జన్యువే రోగనిరోధక శక్తిలో కూడా వేలుపెడుతుంది. డిస్టెంపర్ ఎక్కువగా వచ్చే ప్రాంతాల్లో నల్ల తోడేళ్లు ఎక్కువగా ఉన్నాయని 2022 లో చూపించారు. కాబట్టి ఒక చుక్క కలవడం ఒక సంగతి, ముంచేయడం ఇంకో సంగతి.

డిస్టెంపర్ మాట మళ్లీ వచ్చింది. ఇది నా వృత్తి కాబట్టి కాసేపు భరించండి. కుక్క నుంచి తోడేలుకు సంకరం కంటే ముందు చేరేది రోగం. డిస్టెంపర్, పార్వో, రేబిస్. ఊరి కుక్క పొలానికి వెళ్తుంది, చచ్చిన గొర్రె కళేబరం దగ్గర తింటుంది, రాత్రికి తోడేలు అదే కళేబరం దగ్గరికి వస్తుంది. అంతే చాలు. 2018 లో గిర్‌లో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు పోయాయి, వాటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. ఇథియోపియాలో అక్కడి తోడేళ్లు, అవి వేరే జాతి, ఐదు వందల లోపే ఉన్నాయి. పశువుల కాపరుల కుక్కల నుంచి రేబిస్ అంటుకుని మందలకు మందలే పోయాయి. అక్కడివాళ్లు ఏం చేశారు? కుక్కలకు టీకాలు వేశారు. తోడేలును కాపాడటానికి కుక్కకు సూది! నాకు ఇది చాలా నచ్చింది, ఎందుకంటే ఇది మేము చేయగల పని. మంద వెంట తిరిగే కుక్కకు ఏడాదికోసారి సూది వేయిస్తే కాపరికి మంచిది, వాళ్ల పిల్లలకు మంచిది, తోడేలుకూ మంచిది. నట్టల మందు వేయడానికి మంద దగ్గరికి ఎలాగూ వెళ్తాం. ఆ సంచిలో రేబిస్ టీకా కూడా ఉంటే పోయేదేముంది?

ఇంకో మాట చెప్పి రోగాల నుంచి బయటికి వస్తాను. వీధికుక్కలకు మర్మాంగాల దగ్గర క్యాలీఫ్లవర్ పువ్వులాంటి గడ్డ వస్తుంది, నెత్తురు కారుతుంటుంది. చూసే ఉంటారు. వారానికో విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ చొప్పున కొన్ని వేస్తే చాలావాటికి కరిగిపోతుంది. అది అంటుకునే క్యాన్సర్. వైరస్ అంటుకోవడం కాదు, క్యాన్సర్ కణమే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు దిగి అక్కడ బతుకుతుంది. ఆ గడ్డ జన్యువును చదివితే అది ఆ కుక్కది కానే కాదు. వేల ఏళ్ల కిందట ఆసియాలో ఎక్కడో బతికిన ఒకే ఒక కుక్కది. ఆ కుక్క చచ్చి మట్టైపోయింది. దాని కణాలు మాత్రం ప్రపంచమంతా తిరుగుతున్నాయి, కర్నూలు బస్టాండు దాకా. నా సర్వీసులో అలాంటి గడ్డలు వందలు చూశాను. ఆ సంగతి చదివిన రోజు మాత్రం నిద్రపట్టలేదు.

సరే, తోడేలు ఎక్కడ ఉంటుంది? అడవిలో కాదు. ఇక్కడే మనం పొరబడ్డాం. దట్టమైన అడవి దానికి అక్కర్లేదు. దానికి కావలసింది బీడు, రాళ్లగుట్ట, పచ్చిక, మధ్యలో నాలుగు పొదలు, పిల్లల్ని పెట్టుకోవడానికి ఒక బొరియ. అలాంటి నేలకు ప్రభుత్వ కాగితాల్లో పేరేమిటి? బంజరు. హైదరాబాదులోని ఎన్ఆర్ఎస్‌సీ అనే ఇస్రో సంస్థ ఉపగ్రహం ఫొటోలతో దేశానికి వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ తయారుచేస్తుంది. అందులో ఇలాంటి నేల చాలా భాగం వేస్ట్ కిందికే వస్తుంది. మంచి సాంకేతిక పని అది, పేరుతోనే నాకు పేచీ. పేరు వేస్ట్ అని పడ్డాక ఇంకేముంది? కాలువ తవ్వచ్చు, ప్లాట్లు వేయచ్చు, సోలార్ పలకలు పరచచ్చు, లేదంటే యూకలిప్టస్ నాటి పచ్చదనం పెంచామనచ్చు. తోడేలుకు చెట్టు నాటడం కూడా ఇల్లు కూల్చడమే. గొర్రెలకూ అంతే. కాపరినీ తోడేలునూ ఒకే కాగితం ఖాళీ చేయిస్తుంది.

మన పక్కనే రోళ్లపాడు ఉంది. 1988 లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు, సుమారు 6 చదరపు కిలోమీటర్లు. అక్కడ కృష్ణజింకలు ఉన్నాయి, తోడేళ్లు ఉన్నాయి. ఎవరి కోసం చేశారో ఆ బట్టమేక పిట్టే ఇప్పుడు కనబడటం లేదు. పచ్చిక చిన్నదైతే, చుట్టూ పంట భూములైతే అంతే అవుతుంది. తోడేలుకు 6 చదరపు కిలోమీటర్లు ఏ మూలకు? ఒక మంద తిరిగే మేర దానికి ఎన్నో రెట్లు. అందుకే కంచె వేసి తోడేలును కాపాడలేం. అది మన పొలాల మధ్యనే బతకాలి, బతుకుతోంది కూడా.

అక్కడే గొర్రె సమస్య వస్తుంది. కాపరి నష్టం నిజం. ఒక పొట్టేలు పోతే నెల ఖర్చు పోయినట్టే. ఏసీ గదిలో కూర్చుని వాళ్లకు జీవకారుణ్యం గురించి క్లాసు పీకడం నాకు నచ్చదు. అయినా నేను తిరిగిన మందల్లో చాలామంది పెద్దవాళ్లు తోడేలు మీద పగతో మాట్లాడలేదు. దాని పాలు అది తీసుకుపోయింది అన్నట్టే చెప్పేవాళ్లు. ఆ ఓపిక కొత్త తరంలో తగ్గుతోంది. మంద పెట్టడానికి అప్పు చేసినవాడికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? నష్టపరిహారం త్వరగా అందితే ఓపిక ఉంటుంది, ఏడాది తిప్పితే పురుగుమందు డబ్బా గుర్తొస్తుంది. కళేబరం మీద మందు చల్లితే ఒక కుటుంబం మొత్తం పోతుంది.

మనుషుల మీద పడటం గురించి అడగాలని కొందరు చూస్తున్నారు, నాకు తెలుస్తోంది. దాచను. 1996 లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో, 2024 లో బహ్రాయిచ్‌లో తోడేళ్లు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. తలుపుల్లేని గుడిసెలు, ఆరుబయట నిద్ర, చుట్టూ తోడేలుకు వేటజంతువు మిగలని పరిస్థితి. చచ్చిపోయింది పేదవాళ్ల పిల్లలు. అలాంటి ఒకటో రెండో తోడేళ్లను పట్టుకోవాల్సిందే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ దానికోసం దేశంలోని తోడేళ్లన్నిటినీ శిక్షించిన చరిత్ర మనకు ఒకసారి ఉంది. 1875 నుంచి 1925 దాకా, యాభై ఏళ్లలో, తెల్లదొరల కాలంలో తలకింత అని బహుమతులిచ్చి 2 లక్షలకు పైగా తోడేళ్లను చంపించారు. ఇప్పుడున్నవి 3 వేలు.

ప్రశ్నలు? చెప్పమ్మా. అంతరించిన తోడేలును అమెరికాలో మళ్లీ పుట్టించారు కదా, మనదీ అలాగే పుట్టించుకోవచ్చు కదా అంటోంది. 2025 లో వచ్చిన డైర్ వుల్ఫ్ వార్త. పేపర్లో బొమ్మలు చూశాను, ముద్దుగా ఉన్నాయి. వాళ్లు చేసింది మామూలు బూడిదరంగు తోడేలు కణంలో 14 జన్యువుల్లో 20 చోట్ల మార్పులు. అది డైర్ వుల్ఫ్ పోలికలున్న తోడేలు. అసలు డైర్ వుల్ఫ్ శాఖ 50 లక్షల ఏళ్ల కిందటే విడిపోయిందని అంతకు నాలుగేళ్ల ముందే ఎముకల డీఎన్ఏ చెప్పింది. ఒకవేళ రేపు మన తోడేలునే తయారుచేశారనుకో, తీసుకెళ్లి ఎక్కడ వదులుతావు తల్లీ? ఏ బీడులో? దానికి బొరియ ఎక్కడ తవ్వుకోవాలో నేర్పేది ఎవరు?

ఇంకొకరు... బయట కనబడితే తోడేలో కుక్కో ఎలా పోల్చుకోవాలి అంటున్నాడు. పత్తికొండ అబ్బాయి నవ్వుతున్నాడు చూడండి, వాడికి ఈ ప్రశ్నే వింతగా ఉంది. దూరం నుంచే చూడండి, దగ్గరికి వెళ్లకండి. కాళ్లు పొడుగు, ఛాతీ ఇరుకు, నడక ఒక గీత మీద నడిచినట్టు ఉంటుంది. మీ వైపు ఒకసారి చూసి తన దారిన తను పోతుంది, మొరగదు. తోక చూడండి. కిందికి వేలాడుతుంటే తోడేలు. పైకి లేచి చుట్టుకుంటే మనవాడే. తోక కిందికే ఉండి, ఒళ్లు మాత్రం పసుపుపచ్చగా, ఏదో తేడాగా అనిపిస్తే ఆగండి. ఫోను జూమ్ చేసి ఒక ఫొటో తీయండి, తేదీ, ఊరు పేరు రాసుకోండి, జువాలజీ మేడమ్‌కు ఇవ్వండి. చాయ్ వచ్చినట్టుంది, బయటికి వెళ్లి మాట్లాడుకుందాం పదండి.